ఊషరక్షేత్రము – చవుటినేలకు ఎరువు పెట్టిన చరిత్ర

గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరిరి. చరిత్ర యనగా రాజులు, కోటలు, దండయాత్రలు అని మనకొక వాడుక పడిపోయినది. అట్టి పుస్తకములు మన గ్రంథాలయపు బీరువాలలో చాలినన్ని కలవు. కాని కాలువ కొసనున్న పొలములలో రైతు ఉప్పుతో చేయు యుద్ధమును గూర్చిన పుస్తకము నాకు వానిలో కానరాలేదు. ఈ యుద్ధము ఏ రాజవంశము కంటెను పాతది, నేటికిని ముగియలేదు.

సంఘపు లెక్కలు వ్రాయువాడ నగుటచే నాకీ యుద్ధము పద్దుల రూపమున కనబడుచుండును. ఎరువుల అప్పు పద్దులో కాలువ తలనున్న రైతు పేరున కెదురుగా కోతలు కాగానే జమ పడును. కొసనున్న రైతు పేరున కెదురుగా వడ్డీ పడును. ఇరువురును కొన్నది ఒకే బస్తా, ఒకే నెలలో, ఒకే ధరకు. కష్టమునను తేడా లేదు. తేడా యంతయు నేలలో నున్నది. ఆ నేలను గూర్చి పూర్వులేమి తలచిరి, పరదేశస్థు లేమి చేసిరి, శాస్త్రజ్ఞు లేమి కనుగొనిరి యని వెదకి ఇచ్చట కూర్చితిని.

సంస్కృతమున ఉప్పుమన్నునకు ఊషమని పేరు. అది కల నేల ఊషరము. ఊషశబ్దము నుండి ఊషరశబ్దమును సాధించుటకు పాణిని సూత్రమే కలదు. అమరసింహుడు భూమివర్గమున సర్వసస్యములును పండు నేలను ఉర్వర యని చెప్పి, ఆ వెంటనే ఊషమును, ఊషరమును చెప్పినాడు. గట్టున నిలిచి ఈ వైపు మంచిచేనును ఆ వైపు చవుటిని చూచుచు వ్రాసినట్లు తోచును. మనుస్మృతిలో అపాత్రునకు విద్య చెప్పుట ఊషరమున మంచి విత్తనము చల్లుటతో పోల్చబడినది. ధర్మశాస్త్రకారునకు చవుడు వ్యర్థతకు గురుతు. అంతకు మిక్కిలి పూర్వమైన శతపథబ్రాహ్మణమున మాత్రము అగ్న్యాధానమునకు తెచ్చు సంభారములలో ఊషములు చేరియున్నవి. వానిని పశువులతో ఏకము చేసి చెప్పినారు. పశువులు ఉప్పుమన్ను నాకుటకు పరుగెత్తునని ప్రతి పసులకాపరియు నెరుగును. పైరునకు పగయైనది పశువునకు ప్రియము. చవుడు పశువుల బీడుగా నుండిన కాలపు తలపు ఆ మంత్రభాగమున నిలిచియున్నదేమో! ఇది నా ఊహయే గాని పండితుల నిర్ణయము కాదు.

మన తెలుగు రైతు వ్యాకరణము చదువకున్నను చవుటిని రెండుగా విడదీసి పేర్లు పెట్టినాడు. ఈ విభజన తెలియక ఎరువు వేయువాడు డబ్బును నేలపాలు చేయును. కావున దీనిని కొంత విస్తరించి చెప్పక తప్పదు.

పాలచవుడు ఎండకాలమున తెల్లని పొర కట్టును. కాలు పెట్టిన పొడిపొడిగా దిగబడును. నీరు కట్టిన ఇంకును. కారుచవుడు అట్లు గాదు. తడిసిన జిగురు, ఎండిన రాయి. నీరు కట్టినచో ఇంకక దినముల తరబడి మడ్డిగా నిలిచియుండును. దాని క్షారమునకు మన్నులోని కుళ్ళిన ఆకుఅలము సారము కరగి పైకి వచ్చుటచే నల్లబారును. కారు అను మాట దానినిబట్టియే వచ్చియుండును. చాకలివారు బట్టలకు వాడుకొనిన చవుటిమన్ను ఇట్టి సోడాక్షారము కలదే.

పాలచవుటిలో ఉప్పులు నీటిలో కరగియుండును. అందు పైరు చచ్చుట ఏల? మన ఇండ్లలో మాగాయ పెట్టు స్త్రీలకు సమాధానము తెలియును. కోసిన మామిడిముక్కకు ఉప్పు పట్టించినచో మరునాటికి జాడీ నిండ ఊట దిగును. ముక్కలోని నీటిని ఉప్పు వెలికి లాగినది. వేరునకును ఇదే దశ పట్టును. చుట్టును నీరున్నను వేరు త్రాగజాలదు. నిండు మడిలో పైరు దప్పిగొని ఎండును. కారుచవుటిలో కథ వేరు. అచ్చట సోడియము బంకమన్ను కణములను అంటిపెట్టుకొని యుండును. ఆ కణములు తడిసినప్పుడు విడిపోయి మెత్తని అడుసై, మన్నులోని సందులన్నింటిని మూసివేయును. నీరు దిగదు, గాలి ఆడదు, వేరు పారదు. మొదటిది లోతుగా తడిపి కడిగిన పోవు జాడ్యము. రెండవదానిని ఎంత కడిగినను పోదు. కణమును పట్టుకొన్న సోడియమును వదలించి, దాని చోట సున్నపు ధాతువును, అనగా కాల్షియమును, కూర్చుండబెట్టవలెను.

అమెరికాలోని రివర్‌సైడు నగరమున 1937లో స్థాపితమైన లవణ పరిశోధనాలయమువారు 1954లో ఒక గ్రంథము ప్రకటించి ఈ రెంటికి కొలతలు నిర్ణయించిరి. మన్ను నానిన నీటి విద్యుద్వాహకత మీటరునకు 4 డెసిసీమెన్సులు మించిన అది ఉప్పునేల. మట్టికణములు పట్టుకొన్న ధాతువులలో సోడియము నూటికి 15 పాళ్ళు మించి, ఉదజని సూచిక 8.5 దాటిన అది క్షారభూమి. లోకమున పెక్కుచోట్ల నేటికిని నేల పరీక్షలకు ఈ గీతలే ఆధారము. మన పూర్వులు పాలు, కారు అని రెండు మాటలతో చెప్పినది ఇదియే.

ఇక దేశాంతరపు చరిత్ర. లెక్కలు వ్రాయువారు గర్వింపదగిన సంగతి యొకటి ఇందు కలదు. టైగ్రిసు, యూఫ్రటీసు నదుల నడుమనున్న సుమేరు దేశమున దేవాలయపు గుమాస్తాలు మట్టిపలకలపై ఏ పొలమున ఏ ధాన్యము ఎంత పండెనో గీసియుంచిరి. జాకబ్సన్, ఆడమ్స్ అను ఇద్దరు పండితులు ఆ పలకల నాధారము చేసికొని 1958లో ఒక వ్యాసము ప్రకటించిరి. వారి లెక్క ప్రకారము క్రీ.పూ. 3500 ప్రాంతమున అచ్చట గోధుమలు, యవలు సరిసమానముగా పండుచుండెను. క్రీ.పూ. 2500 నాటికి గోధుమ ఆరవ వంతునకు దిగెను. క్రీ.పూ. 1700 నాటికి దక్షిణ భాగమున గోధుమ జాడయే లేదు. యవలు ఉప్పునకు ఓర్చును; గోధుమ అంతగా ఓర్వదు. గిర్సు అను పట్టణపు పొలములలో హెక్టారు దిగుబడి క్రీ.పూ. 2400 ప్రాంతమున 2,537 లీటర్లుండగా, మూడువందల యేండ్లలో 1,460 లీటర్లకు పడిపోయెను. తరువాతి పండితులు కొందరు ఇంత పతనమునకు ఉప్పొకటే కారణము గాదని వాదించిరి. యుద్ధములు, పరిపాలనలోని లోపములు కూడ నుండవచ్చును. కాని గోధుమ తొలగి యవలు నిలిచిన వరుసను చూచినచో, ఉప్పునకు పాలు లేదనుట కష్టము.

ఇది యెట్లు జరుగును? నేనొక చిన్న లెక్క వేసితిని. లీటరునకు అరగ్రాము ఉప్పున్న నీరు మన నాలుకకు ఉప్పని తోచదు. అట్టి నీటిని ఒక ఎకరమునకు పంటకాలమంతయు కలిపి మీటరు లోతున కట్టినచో, అది 4,047 ఘనపు మీటర్ల నీరు. దానితో పొలము చేరిన ఉప్పు రెండు టన్నులు. నీరు ఆవిరియై పోవును, ఉప్పు పోదు. మురుగు పోవు దారి యున్నచో ఆ ఉప్పు ఖర్చు వ్రాయబడును. దారి లేనిచో ప్రతి సంవత్సరము జమయే గాని ఖర్చు లేని పద్దు అది. సుమేరు దేశపు కాలువలు జమకు త్రవ్వినవి. ఖర్చు కాలువ త్రవ్వినవారు తక్కువ.

మన దేశమున ఈ సంగతి ఆధునికకాలమున మొదట బయటపడినది ఉత్తరాదిలో. 1855లో పశ్చిమ యమునా కాలువ క్రిందనున్న మునక్ గ్రామస్థులు తమ పొలములు తెల్లబారి పోవుచున్నవని మొరపెట్టుకొనిరి. 1870 దశకమున ప్రభుత్వమువారు దీనిని విచారించుటకు సంఘము నేర్పరచిరి. అచ్చటివారు ఆ తెల్లని పొరను రేహు అనియు, అట్టి నేలను ఊసరు అనియు నందురు. ఊసరు మన ఊషరమే. అమరకోశమునుండి కర్నాలు పొలము వరకు నడిచివచ్చి కొంచెము అరిగినది, అంతే. ఇంగ్లండునుండి వచ్చి దేశమంతయు తిరిగిన వోల్కరు పండితుడు 1893లో ప్రకటించిన నివేదికలో ఈ భూములను గూర్చి వివరముగా వ్రాసినాడు. భారత ప్రభుత్వమునకు తొలి వ్యవసాయ రసాయనవేత్తగా 1892లో వచ్చిన లెదర్, జిప్సముతో ప్రయోగములు చేసి, గుణము కలదనియు, ఖర్చు మిక్కుటమనియు చెప్పినాడు. కాలిఫోర్నియాలో హిల్గార్డు అను ఆచార్యుడు ఇదే జిప్సమును నల్లచవుటికి మందుగా అప్పటికే బోధించుచుండెను. అది ఏల పనిచేయునో నిరూపించిన కీర్తి రష్యాకు చెందిన గెద్రోయిట్సునకు చెల్లును. సోడియము, కాల్షియము మట్టికణముపై స్థానములు మార్చుకొను తీరు ఆయన పరిశోధనలచే స్పష్టపడినది. కేంద్ర ప్రభుత్వమువారి చవుటినేలల పరిశోధన సంస్థ 1969లో ఆ కర్నాలులోనే నెలకొల్పబడుట చూడగా, మునక్ గ్రామస్థుల మొర నూరేండ్లకు పైబడి ఆలస్యముగానైనను చెవిని పడినదనవలెను.

మునక్‌వారు మొరపెట్టిన ఆ 1855వ సంవత్సరముననే మన కృష్ణకు బెజవాడ యొద్ద ఆనకట్ట పూర్తియైనది. 1832–33లో, నందననామ సంవత్సరమున, గుంటూరు మండలమున జనము తిండి లేక కుప్పలుగా మడిసిన కరవు జ్ఞాపకము అప్పటికి చల్లారలేదు. కాటను దొర పథకము, ఓరు దొర పర్యవేక్షణ. ఆ నీటితో డెల్టా అన్నపూర్ణయైన కథ అందరును ఎరిగినదే గనుక తిరిగి చెప్పను. ఎవరును చెప్పని భాగ మొకటి కలదు. సముద్రము చేరువనున్న మన నేలల క్రింద భూగర్భజలము ఉప్పన. పైన వరి నాటి తీపినీరు నిలువగట్టినంత కాలము ఆ నీటి బరువు ఉప్పును క్రిందికి నెట్టియుంచును. ఆ విధముగా వరి చవుటినేలకు పంటయు, మందును కూడ. కోత కాగానే నీరు తీసివేయుదుము. వేసవి యెండకు దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు నేల క్రింది ఉప్పునీటిని పైకి లాగును. నీరు ఎగిరిపోయి ఉప్పు మిగులును. కాలువ తలనున్నవానికి జూనులో నీరు సకాలమున వచ్చి ఆ ఉప్పును కడిగివేయును. కొసనున్నవానికి నీరు చేరునప్పటికి తలవాని నారు దుబ్బు కట్టియుండును. పైగా ఎగువ చేల మురుగంతయు వచ్చి నిలుచునది అతని మడిలోనే. మురుగుకాలువలు పూడి, గుర్రపుడెక్క అల్లుకొన్న తరువాత ఆ నీరెటు పోవును?

మురుగుపారుదల కొరకు ప్రత్యేకముగా సెస్సు వసూలు చేయుటకు 1968లో రాష్ట్రమున చట్టమే చేసిరి. కృష్ణా గోదావరి డెల్టాల రైతులు శిస్తుతోపాటు ఆ సెస్సును చెల్లించిరి. నీరు తెచ్చు కాలువ త్రవ్విన నూరేండ్ల తరువాత నీరు తీయు కాలువకు పన్ను. జమ వ్రాయుటలో నున్న తొందర ఖర్చు వ్రాయుటలో ఉండదు కాబోలు!

ఎరువుల విషయమునకు వత్తము. కృషిపరాశర మను గ్రంథమున పెంటకుప్పను గూర్చి చక్కని విధానము కలదు. మాఘమున కుప్పను పూజించి, పారతో ఎత్తి, ఎండలో ఆరవేసి, పొడిచేసి, ఫాల్గునమున ప్రతి చేనిలోను గుంట త్రవ్వి అందుంచి, విత్తుకాలమున చల్లవలెనట. ఎరువు లేని పైరు పెరిగినను ఫలింపదని ఆ మునిమతము. ఆ గ్రంథము ఏ శతాబ్దిదో పండితులలో ఏకాభిప్రాయము లేదు. కాని పెంటకుప్పను పూజింపుమన్నవాడు దుక్కి దున్నినవాడే యనుటలో నాకు సందేహము లేదు.

మన ప్రాంతపు పెద్దలు చవుటికి వాడినవి పశువుల పెంట, గొఱ్ఱెల మంద, కానుగ రొట్ట, జిల్లేడు, వెంపలి, జీలుగ. పాటిదిబ్బల మన్నును కూడ పొలములకు తోలిరి. పాత యూరి దిబ్బలలో శతాబ్దుల బూడిద, పెంట కలిసి సురేకారము పట్టియుండును. అది మంచి నేలకు బలము. చవుటికి మాత్రము ఉప్పుమీద ఉప్పు. (ఆ త్రవ్వకములలో ఎన్ని ప్రాచీన శిల్పములు, ఇటుకలు బండ్లకెక్కి చేలలో కలిసిపోయెనో తలచుకొన్న చరిత్రాభిమానికి దుఃఖము కలుగును.)

వీనిలో జీలుగకు సాటి లేదు. ఉప్పునకు, క్షారమునకు, నీటిముంపునకు మూటికిని ఓర్చు మొక్క అది. ఎకరమునకు పది పన్నెండు కిలోల విత్తనము చల్లి, నలుబదియైదు దినములు దాటి పూత పట్టునప్పుడు కలియదున్నవలెను. వేరుబుడిపెలలో గాలినుండి పట్టిన నత్రజని యంతయు నేలకు దక్కును. అంతకంటె ముఖ్యమైన మేలు కంటికి కనబడదు. రొట్ట కుళ్ళునప్పుడు పుట్టు బొగ్గుపులుసు వాయువు నీటిలో కలిసి, నేలలో కరగక పడియున్న సున్నపురాతి పొడిని కరగించును. అందలి కాల్షియము సోడియమును త్రోసివేయును. జిప్సమును బస్తాలలో కొని చేయుపనిని కొంతవరకు జీలుగ ఉచితముగా చేయును. మన పెద్దలకు ఈ రసాయనము తెలియదు. జీలుగ దున్నిన మడిలో నీరింకునని తెలియును. వేరు లోతుగా పారి చచ్చి విడిచిన బొరియలు నీటికి దారులగును. నేటి రైతులలో జీలుగ విత్తువారు తగ్గిపోవుట చూడగా, విత్తనము దొరకకపోవుటకంటె ఆ నెలన్నర ఓపిక దొరకకపోవుటయే పెద్ద కారణమని నాకు తోచుచున్నది. తొలకరి వానలను నమ్మి చల్లవలసిన పైరు గనుక సాహసమును కొంత కావలెను.

బస్తా ఎరువుల చరిత్ర 1842లో ఇంగ్లండులో లాసు దొర సూపరు ఫాస్ఫేటునకు పొందిన హక్కుపత్రముతో ఆరంభమైనది. మన దేశమున 1906లో రాణిపేటలో సూపరు ఫాస్ఫేటు తయారగుట మొదలిడెను. 1947లో ఆల్వాయి, 1951లో సింద్రీ కర్మాగారములు అమ్మోనియము సల్ఫేటును తీసినవి. సింద్రీలో ఆ ఎరువును చేయుటకు వాడిన ముడిసరుకులలో జిప్సము ఒకటి. రాజస్థానము నుండి రైళ్ళలో వచ్చెడిది. తరువాత యూరియా వచ్చి, నత్రజని నూటికి 46 పాళ్ళుండుటచేతను, ధర చౌకయగుటచేతను, అన్నింటిని వెనుకకు నెట్టినది.

చవుటినేల దృష్టితో చూచినచో ఈ మార్పు నష్టము లేనిది కాదు. అమ్మోనియము సల్ఫేటులో నత్రజని నూటికి ఇరువదియొకటి పాళ్ళే; అయినను అది నేలలో పులుపు పుట్టించును, గంధకమును ఇచ్చును. క్షారము గల మడినీటిపై యూరియా చల్లినచో దానిలోని నత్రజని అమ్మోనియా వాయువై ఎగిరిపోవును. ఎగిరిపోయినదానికి పరిహారముగా చవుటివరికి మామూలు మోతాదుకంటె నాలుగవ వంతు నత్రజని ఎక్కువ వేయుమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. హెక్టారునకు 120 కిలోలు వేయుచోట 150 కిలోలు. ఎకరమునకు లెక్కించినచో సుమారు 60 కిలోల నత్రజని, అనగా 45 కిలోల యూరియా బస్తాలు మూడు. ఇవి ఒక్కసారి చల్లునవి కావు. మూడు నాలుగు దఫాలుగా, మడిలో నీరు తీసి, బురదపదునున చల్లి, మరునాడు నీరు పెట్టవలెను. మన యూరిలో చాలమంది మోతాదు పెంచుమన్న మాట విందురు; దఫాలుగా వేయుమన్న మాట వినరు.

ఇంకొక సంగతి కలదు. ఎరువు కూడ ఉప్పే. 1943లో రేడరు అను అమెరికను శాస్త్రజ్ఞుడు సహచరులతో కలిసి ఏ ఎరువు నేలనీటిని ఎంత ఉప్పన చేయునో కొలిచి పట్టిక వేసినాడు. సోడియము నైట్రేటును నూరుగా నెంచినచో, మ్యూరియేటు ఆఫ్ పొటాషు 116, యూరియా 75, అమ్మోనియము సల్ఫేటు 69. సూపరు ఫాస్ఫేటు, జిప్సము ఎనిమిది వంతున మాత్రమే. కావున పాలచవుటిలో నాటుదినముననే పొటాషు గుమ్మరించుట పుండుపై ఉప్పు చల్లుటయే. సూపరు ఫాస్ఫేటు అట్లు గాదు. దానిలో సగమునకు చేరువగా జిప్సము కలిసియుండును గనుక కారుచవుటికి రెండు విధముల ఉపకారము. కాని ఇచ్చటను ఒక వింత యున్నది. కర్నాలు ప్రయోగములలో క్రొత్తగా బాగుచేసిన క్షారభూములందు తొలి కొన్ని సంవత్సరములు భాస్వరము వేసినను, వేయకున్నను దిగుబడిలో భేదము కనబడలేదు. నేలలో అప్పటికే కరగిన భాస్వరము సమృద్ధిగా నుండెను. నేల పరీక్ష చేయించక బస్తాలు కొనువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

జింకు కథ మరియు విచిత్రము. ఉత్తరదేశమున వరియాకులు తుప్పు పట్టి పైరు గిడసబారు జబ్బునకు ఖైరా యని పేరు. తెగులనుకొని మందులు చల్లిరి. 1966లో పంతనగరమున నేనే అను శాస్త్రజ్ఞుడు అది ఏ పురుగు వలనను గాదు, జింకు లోపము వలన నని కనుగొనెను. క్షారము హెచ్చిన నేలలో జింకు ఉన్నను మొక్కకందదు. ఆఖరుదమ్ములో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయుటతో ఎందరి చవుటిమడులో పచ్చబడినవి. భాస్వరపు ఎరువుతో దానిని కలిపి చల్లరాదు; రెండును ఒకదానిని ఒకటి బంధించుకొనును.

జిప్సమును గూర్చి మనవారిలో నున్న భ్రమ నొకదానిని పోగొట్టవలసియున్నది. చవుడనగానే జిప్సము తోలుట ఒక ఆచారమైపోయినది. అది కారుచవుటికి మందు, పాలచవుటికి గాదు. కారుచవుటిలోనైనను పొడి చల్లి ఊరకుండిన ఫలము లేదు. మడికి గట్లు వేసి, నేల పరీక్షలో తేలినంత జిప్సము కలియదున్ని, నీరు నిలువగట్టి, కొన్ని దినములకు ఆ నీటిని మురుగుకాలువకు వదలి, మరల కట్టవలెను. సోడియము జిప్సములోని గంధకముతో కలిసి కరగి ఆ నీటితో పోవును. పోవుటకు దారి లేని మడిలో అది మరల అచ్చటనే ఎండి నిలుచును.

సముద్రమే పైకి వచ్చిన చోట ఏమగును? 1864 నవంబరు 1న మచిలీపట్నముపై విరుచుకుపడిన ఉప్పెన సుమారు ముప్పదివేల ప్రాణములను తీసినది. 1977 నవంబరు 19న దివిసీమలో పోయినవారు ప్రభుత్వపు లెక్కలోనే దాదాపు పదివేలు. శవములను తీసి, ఇండ్లు కట్టుకొన్న తరువాత మిగిలినది ఉప్పు పట్టిన పొలము. ఇట్టి ఆపదను 1953 ఫిబ్రవరి 1న హాలెండువారు కూడ ఎదుర్కొనిరి. యుద్ధకాలమున 1944లో వాల్చరెను దీవి మునిగినప్పటి అనుభవము వారికుండెను. సముద్రపు ముంపు మొదట నేలను పాలచవుడు చేయును. వాన ఉప్పును కడిగినంతనే బాగుపడినదని తొందరపడి దున్నిన, కణములకంటిన సోడియము నేలనంతటిని అడుసు చేసి కారుచవుడుగా మార్చును. రెండవ జబ్బు మొదటిదాని చికిత్సలోనే దాగియున్నది. అందుచే డచ్చివారు ఆ నేలను ముందు కదలింపక, మురుగు తీసి, జిప్సము చల్లి, అటుపిమ్మటనే సేద్యమునకు దిగిరి. ఉప్పెన తరువాత మొదటి వర్షమునకు ముందు జిప్సము చేరవలెనన్న ఈ చిన్న రహస్యము తీరగ్రామములందు ప్రతివానికి తెలియదగినది.

1990 దశకమున మరియొక ఉప్పెన వచ్చినది. ఇది సముద్రము తనంతట తాను తెచ్చినది గాదు. మనమే ఇంజనులు పెట్టి తోడుకొని వచ్చితిమి. రొయ్యల చెరువులకు ఉప్పునీరు పెట్టిన చోట ప్రక్కనున్న వరిమడి గట్టు క్రిందుగా ఊటపట్టినది. 1996 డిసెంబరు 11న సుప్రీముకోర్టువారు తీరనియంత్రణ మండలములోని చెరువులపై తీర్పు చెప్పిరి. 2005లో తీర జలచరముల పెంపకమునకు చట్టము వచ్చినది. రొయ్యలవలన ధనము గడించినవారిని నిందించుట నా తలంపు గాదు. అప్పులు తీర్చినవారును వారిలో కలరు. కాని గట్టునకావల వరి వేసిన రైతు తన ఎరువు పద్దును హెచ్చించుకొన్న సంవత్సరములు కూడ అవియే. ఉప్పు మితిమీరిన మడిలో నాలుగవ బస్తా వేసినను, మూడవ బస్తాకు వచ్చినంత గింజయు రాదు. దప్పిగొన్నవానికి అన్నము వడ్డించినట్లగును. రాష్ట్రము విడిపోకమునుపు వేసిన లెక్క ప్రకారము ఆంధ్రప్రదేశమున చవుటినేల సుమారు 2.74 లక్షల హెక్టారులు. అందు కారుచవుడు 1.97 లక్షలు, పాలచవుడు 77 వేలు.

చికిత్స లేకపోలేదు. 1945లో వెలసిన బాపట్ల వ్యవసాయ కళాశాల ప్రాంగణమున ఉప్పునీటి వినియోగముపై పరిశోధనాకేంద్రము ఏండ్లతరబడి పనిచేయుచున్నది. మచిలీపట్నపు పరిశోధనాస్థానమువారు ఉప్పునకోర్చు ఎం.సి.ఎం. 100, 101 అను వరి వంగడములను తీసిరి. ముదురు నారు, అనగా ముప్పదియైదు నలుబది దినములది, కుదురునకు మొక్కలు హెచ్చుగా నాటుమని వీరి యుపదేశము. లేతనారు ఉప్పునకు తట్టుకొనలేదు, ముదిరినది నిలుచును. ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో డచ్చివారి సహాయముతో ఉప్పుగుండూరు, కోనంకి గ్రామముల పొలములలో నేల క్రింద మీటరు లోతున రంధ్రముల గొట్టములు పరచి, ఉప్పునీటిని సేకరించి వెలికి పంపు పద్ధతిని చూపించిరి. ఊరి పేరులోనే ఉప్పున్న చోట గొట్టముల ద్వారా ఉప్పు బయటికి పారుట చూచుటకు రైతులు పొరుగూళ్ళనుండి వచ్చిరట.

మన యూరిలో గొట్టములు పరచు స్తోమత ఒంటరి రైతునకు లేదు. మురుగుకాలువ పూడిక తీయుట మాత్రము పదిమంది చేరిన కాగల పని. నేల పరీక్షకు మట్టి తీయుటకు వేసవియే తగిన కాలము. చాలుకు జానెడు లోతున, చేనికి ఎనిమిది పది చోట్ల తీసి, కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో గుడ్డసంచిలో కట్టవలెను. పైనున్న తెల్లని పొరను వేరుగా తీసి వేరు సంచిలో నుంచవలెను. రెంటిని కలిపిన లెక్క తప్పును. సంచిపై సర్వేనంబరు వ్రాయుట మరువరాదు. చీటీ వచ్చిన పిమ్మట అందులో 4, 8.5 అను రెండంకెల కెగువనున్నదేదో దిగువనున్నదేదో చూచుకొని, బస్తాలకు తరువాత రావచ్చును.